కరెంటు పోతే ఏం చేస్తావు?

మా రోజుల్లో డేటాబేస్ పనిలోకి కొత్తగా వచ్చినవాణ్ణి ముందు అడిగే మాట ఒకటే: "పని సగంలో ఉండగా కరెంటు పోతే ఏం చేస్తావు?" ఇప్పటి పిల్లల్ని అడగండి. "క్లౌడ్ చూసుకుంటుంది అంకుల్" అంటారు. ఆ చూసుకోవడం కనిపెట్టినవాళ్లెవరో ఒక్కరికీ తెలియదు. నా బాధల్లా అదే.

జిమ్ గ్రే పేరెత్తితే దిక్కులు చూస్తారు. డేటానంతా పట్టికలుగా పెట్టుకోవచ్చని 1970లో ఐబీఎంలో టెడ్ కాడ్ రాశాడు. అది నిజంగా నడుస్తుందని చూపించడానికి శాన్‌హోసేలో సిస్టమ్ ఆర్ కట్టినవాళ్లలో గ్రే ఒకరు. ఆయన పట్టుకున్నది అందరూ తప్పించుకునే చిక్కు. నా ఖాతాలోంచి 5,000 తీసి మీ ఖాతాలో వేయాలి. తీయడం అయింది, వేసేలోపు మిషను ఆగింది. ఆ డబ్బు ఇప్పుడు ఎవరిది?

అందుకే మార్పు డిస్కు మీది పట్టికలోకి చేరకముందే లాగ్‌లోకి ఎక్కాలి. పాత విలువ, కొత్త విలువ రెండూ ఉండాలి. మిషను తిరిగి లేచాక లాగ్ చదువుకుంటుంది. కమిట్ అయినవాటిని నిలబెడుతుంది, సగంలో తెగినవాటిని వెనక్కి తిప్పుతుంది. తీయడం, వేయడం జరిగితే రెండూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. ఇవాళ్టికీ బ్యాంకుల లెక్కలు నిలబడుతున్నది ఈ పద్ధతి మీదే.

ఇంకొకటి చెప్పాలి. మెమరీ బంగారమంత ప్రియంగా ఉన్న 1987లో గ్రే, ఫ్రాంకో పుట్జోలు కూర్చుని ధరలు లెక్కగట్టారు. అయిదు నిమిషాలకొకసారైనా వాడే పేజీని మెమరీలో ఉంచుకోవాలి, అంతకన్నా అరుదైతే డిస్కులోనే ఉండనివ్వాలి అని తేల్చారు. అంత ఆలోచన ఉండేది! ఇప్పుడు క్వెరీ నత్తనడక నడిస్తే ప్లాన్ తీసి చూసే నాథుడు లేడు, ఇండెక్స్ ఉందో లేదో చూసేవాడు అసలే లేడు. ఇంకో పెద్ద సర్వర్ అద్దెకు తెస్తారు, బిల్లు కంపెనీ కడుతుంది. మెమరీ చవకైనందుకు నాకూ సంతోషమే, బుర్ర వాడకం ఎందుకు తగ్గాలి?

గ్రేకి 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2007 జనవరిలో ఒంటరిగా పడవలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదు. ఆండ్రియాస్ రాయిటర్‌తో కలిసి 1993లో ఆయన వేసిన ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ పుస్తకం ఉంది, వెయ్యి పేజీలు దాటుతుంది. ఈ పనితో జీతం తీసుకునే ప్రతివాడూ అందులో రికవరీ అధ్యాయాలైనా చదవాలి. పది నిమిషాల వీడియో ఉంటే పంపమంటారు. పంపను.