రేపు ఇరవయ్యో తారీఖు: టీకా తాత్పర్య సహితము

మూలము

డేటా పంపినవారికి ధన్యవాదములు
పంపనివారికి నమస్కారములు
రేపు ఇరవయ్యో తారీఖు
ఓటీపీకి అందుబాటులో ఉండగలరు

అవతారిక

బాలానగర్‌లో నర్సాపూర్ చౌరస్తా దగ్గర రెండో అంతస్తులో కూర్చునే ఆడిటరు గారొకరు ప్రతి నెలా 19వ తేదీ సాయంత్రం తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే ముక్తకమిది. కర్త ఇందులో తన పేరు చెప్పుకోలేదు. అది వినయమో మరొకటో ముందు ముందు తేలుతుంది. 24 గంటలు గడిస్తే స్టేటస్ తనంతట తానే మాయమవుతుంది కనుక దీని బతుకు తాళపత్రం కన్నా అధ్వానం. దొరికిన స్క్రీన్‌షాట్లే ప్రతులుగా ఈ పాఠం పరిష్కరించాము.

ఈ నర్సాపూర్ దారినే మెదక్ జిల్లాలోకి పోతే కొల్చారం ఉంది. కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది ఆ ఊరే అంటారు. మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ఆయన ప్రతిజ్ఞ పట్టాడు. అందులో మొదటి సగాన్ని ఆడిటర్లంతా పడతారు: వోచరు లేనిదే పద్దు లేదు. రెండో సగం జోలికి ఈ వ్యాఖ్యాత పోవడం లేదు.

గ్రంథాన్ని చదవడానికి అధికారి ఎవరు? నెల నెలా 20లోగా జీఎస్టీఆర్-3బి అనే జీఎస్టీ రిటర్ను వేసేవారు మాత్రమే. టర్నోవరు 5 కోట్లు దాటక, మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకున్నవారికి తెలంగాణలో గడువు 22. వారు చదివి ఆనందించవచ్చు గాని కంగారు పడనక్కరలేదు.

ప్రతిపదార్థము

డేటా = కొన్న బిల్లులు, అమ్మిన బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు, జాబ్ వర్కుకు వెళ్ళిన సరుకు తాలూకు చలాన్లు; పంపినవారికి = మెయిల్లో పంపినవారికీ, లేతు మిషను మీద బిల్లు పరిచి, సగం ఫొటోలో తమ బొటనవేలు పడేలా తీసి పంపినవారికీ సమానంగా; ధన్యవాదములు = కృతజ్ఞతలు (ఇక్కడ విశేషమేమీ లేదు); పంపనివారికి = పంపనివారికి; నమస్కారములు = దీనికి విడిగా చెప్పాలి.

శాస్త్రరీత్యా నమస్కారం తక్కువవాడు ఎక్కువవాడికి చేసేది. అయితే ‘నీకో దండంరా నాయనా’ అన్నప్పుడు ఎవరూ దండం పుచ్చుకోరు. నిజమర్థం తిరగబడి వినిపించే చోట ఆలంకారికులు విపరీత లక్షణ అన్నారు. కర్త పంపనివారిని తిట్టలేదు. అంతకన్నా ఎక్కువే చేశాడు. పైగా ఏకవచనం కాదు, ‘నమస్కారములు’ అని బహువచనం; గత మూడు నెలల బకాయి కూడా అందులో కలిసి ఉందని మా అభిప్రాయం.

ఉండగలరు = ఉండవలెను అని ఆజ్ఞ. ఆఫీసు తెలుగులో ఆజ్ఞ ఎప్పుడూ శక్తి రూపం ధరించి వస్తుంది: గమనించగలరు, సహకరించగలరు. ఇక్కడ మాత్రం ఉండగలరా అన్న అనుమానమూ న్యాయమే. ఓటీపీ వచ్చేది యజమాని ఫోనుకు. యజమాని ఉండేది సీఎన్‌సీ మిషను పక్కన. ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్ వంటి పెద్ద ప్రభుత్వ సంస్థలూ, 1968లో వచ్చిన టూల్ డిజైన్ సంస్థా ఈ నేలలో వేళ్లూనితే, చుట్టూ వందల చిన్న షెడ్లు మొలిచాయి. ఆ షెడ్లలో ఫోను మోగితే మోగినట్టు ఫోనుకు తప్ప ఎవరికీ తెలియదు.

తాత్పర్యము

రేపటిలోగా రిటర్ను వేయకపోతే రోజుకు 50 రూపాయలు లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. నేను చెప్పాను. ఆపై మీ ఇష్టం.

విశేషములు

మూడో పాదం ఈ కావ్యానికి జీవగర్ర. అందులో క్రియ లేదు, కర్త లేడు, పంచాంగంలో ఉండాల్సిన ఒక సమాచారం తప్ప ఏమీ లేదు. ‘సూర్యుడు అస్తమించాడు’ అన్న ఒక్క మాటను దొంగ ఒకలా, ప్రియుడి కోసం వేచే పడతి ఒకలా, సంధ్య వార్చుకోవాల్సిన బ్రాహ్మడు ఒకలా అర్థం చేసుకుంటారని అలంకార శాస్త్రంలో పాత ఉదాహరణ. ‘రేపు ఇరవయ్యో తారీఖు’ అంతకేమీ తీసిపోదు. లేతు యజమానికి అది బ్యాంకులో డబ్బు సర్దుకొమ్మని. ఆర్టికల్‌షిప్ పిల్లలకు ఈ రాత్రి ఇల్లు లేదని. ఆడిటరు గారి ఇంటివారికి వంట ఒకరికి తగ్గించమని. సరుకు కొన్న పెద్ద కంపెనీ అకౌంటెంటుకు ఏమీ కాదు. ఆయన ఏడుపంతా 11నే అయిపోయింది, ఎందుకంటే అమ్మినవాడు తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 ఆనాటికి వేయకపోతే 14న వచ్చే 2బి పట్టీలో కొన్నవాడికి పన్ను క్రెడిట్ కనిపించదు.

ఇక ఇంకా ఎవరి క్లయింటూ కాని ఒక కొత్త షెడ్డు యజమాని ఉన్నాడు. ఎవరో ఇచ్చిన ఆడిటరు గారి నంబరు సేవ్ చేసుకుని ఉన్నాడు, ఆయనా ఇతని నంబరు సేవ్ చేసుకుని ఉన్నారు. అతనికి వినిపించేది: ‘నేనొకణ్ణి ఉన్నాను, తేదీలు మరిచిపోను.’

ఇక్కడే కర్త పేరు ఎందుకు దాచాడో తెలుస్తుంది. చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1949, మొదటి షెడ్యూలు, మొదటి భాగం, ఆరో క్లాజు: సర్క్యులరు, ప్రకటన, వ్యక్తిగత సందేశం, ఇంకే మార్గాన గాని పని అడుక్కోరాదు, నేరుగా గాని, పరోక్షంగా గాని. సబ్బుల కంపెనీ అరవవచ్చు, కోచింగు సెంటరు ఫ్లెక్సీ కట్టవచ్చు, ఆడిటరు మాత్రం నోరు మెదపరాదు. ‘నేరుగా’ అంటే అభిధ, ‘పరోక్షంగా’ అంటే లక్షణా వ్యంజనా అని మా అన్వయం. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అన్న ధ్వనిని మన పార్లమెంటు శిక్షార్హం చేసింది!

చేసినా పట్టుకోవడం కష్టం. వ్యంగ్యార్థం వాక్యంలో ఉండదు, వినేవాడి హృదయంలో ఉంటుంది. క్రమశిక్షణ సంఘం వారు ‘మీరు పని అడిగారు’ అంటే, ‘అయ్యా, నేను తేదీ చెప్పాను, అడిగినట్టు వినిపించింది తమకు’ అని జవాబు. ఆ మాటతో ఆరోపించినవాడు సహృదయుడని రుజువవుతుంది, నిందితుడు కవి అని రుజువవుతుంది, కేసు మాత్రం రుజువవదు. తెలుగునాట ధ్వని కావ్యం అడుగంటిందని వాపోయేవారు 19వ తేదీ సాయంత్రం బాలానగర్ ఆడిటర్ల స్టేటస్‌లు వరుసగా చూడవలెనని మనవి.

శంక: స్టేటస్ కూడా ప్రకటనే కదా? సమాధానం: ఆడిటర్ల వెబ్‌సైటుకు వారి ఇన్‌స్టిట్యూట్ ఏళ్ల క్రితమే ఒక సూత్రం పెట్టింది. సమాచారం ‘పుల్’ పద్ధతిన ఉండాలి, ‘పుష్’ పద్ధతిన కాదు. వచ్చి చూసినవాడికి చూపించు, చూడనివాడి మీదికి తోయకు అని. గ్రూపులో పడే సందేశం తోపుడు. స్టేటస్ అలా కాదు; పచ్చ వలయం మీద చదువరి తన వేలితో తాను నొక్కాలి. కనుక స్టేటస్ పుల్లే అని మా పక్షం. ఎవరెవరు చూశారో కర్తకు తెలిసిపోవడం అదనపు లాభం. పంపనివారి జాబితా అక్కడే తయారవుతుంది.

పాఠాంతరము

పై పాఠం బాలానగర్ ప్రతి. హైటెక్ సిటీ ప్రతి ఒకటి లింక్డిన్‌లో దొరుకుతుంది. ఒక్కో వాక్యానికి ఒక్కో పేరా, మధ్యలో ఖాళీ. ‘నిన్న రాత్రి ఒక క్లయింటు ఓటీపీ చెప్పలేదు. అది నాకు నాయకత్వం గురించి మూడు పాఠాలు నేర్పింది.’ చివర ‘మీరేమంటారు?’ అని ఒక ప్రశ్న. కామర్స్ ప్రొఫెసర్లూ, బహుళజాతి కంపెనీల ఫైనాన్సు పెద్దలూ ఈ ప్రతినే ఆదరిస్తారు. ఇందులో వ్యంగ్యం ఏమీ మిగలలేదు, అంతా వాచ్యమే. అర్వాచీనమని మా నిర్ణయం.

క్షేపక విచారము

కొన్ని స్క్రీన్‌షాట్లలో మూలం కింద ఐదో పాదం కనిపిస్తుంది: ‘సార్, డేట్ పెంచిన్రట గదా?’ ఇది కర్తది కాదు, రాత్రి పదకొండు దాటాక ఏదో షెడ్డు నుంచి వచ్చిన జవాబు. శైలి వేరు, మాండలికం వేరు, ఆశ వేరు. పరిష్కర్తలందరూ దీన్ని ప్రక్షిప్తమని తోసివేశారు.

మేమూ తోసివేసేవాళ్ళమే, 2025 సెప్టెంబరు అడ్డు రాకపోతే. ఆ ఏడు ఆదాయపు పన్ను రిటర్ను గడువును జులై 31 నుంచి సెప్టెంబరు 15కు మార్చారు. నెలాఖరు దాకా పెంచారని ఒక నోటీసు ఫోన్లలో తిరిగింది. 14వ తేదీ రాత్రి ఆదాయపు పన్ను శాఖే ఎక్స్‌లో అది నకిలీ, నమ్మవద్దు, గడువు 15వ తేదీయే అని ప్రకటించింది. ఆడిటర్లు ఆ ప్రకటననే స్టేటస్‌లో పెట్టి క్లయింట్ల మీద విసిరారు. 15వ తేదీ అర్ధరాత్రి దగ్గరపడుతుండగా గడువును ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, 16కు పెంచారు.

అందుచేత ఐదో పాదాన్ని తీసివేయక, కుండలీకరణాలలో ఉంచి వదిలిపెట్టాము.