చింతచెట్టు కాడ ఎడంపక్కకి
(టీకా తాత్పర్య సహితం)

అవతారిక: తాడేపల్లిగూడెం నుంచి శుభలేఖలు పంచడానికి ఏలూరు బయల్దేరిన అల్లుడికి మేనమామ ఫోనులో ఉపదేశించినది. కవి డెబ్భై దాటినవాడు. సెల్‌ఫోను చెప్పే దారి మీద నమ్మకం లేనివాడు.

మూలం:
పాతబస్టాండులో దిగరా అల్లుడూ,
కాలవ వంతెన దాటు,
చింతచెట్టు కాడ ఎడంపక్కకి తిరుగు,
ఎవర్నడిగినా చెబుతారు.

ఛందస్సు: ఆటోవెలది. గోతుల దగ్గర గణభంగం, సిగ్నల్ దగ్గర యతి. ప్రాస భారమంతా హారన్‌దే.

పాతబస్టాండు: పాతదైన బస్టాండు, కర్మధారయం. కొత్తది కట్టకముందు ఇది ఉత్త బస్టాండే. తమ్ముడు పుడితేనే గదా ఎవడైనా అన్నయ్యేది! ఆ తమ్ముడికీ ఇప్పుడు జుట్టు నెరిసింది, అయినా ఊరివాళ్ళకి కొత్త బస్టాండే. మనవలెత్తినా ‘చంటి’గానే మిగిలిపోయిన పెద్దమనుషులు మన గోదావరి జిల్లాల్లో ఎంతమంది లేరు?

కాలవ: ఏ కాలవ అని అడిగినవాడు ఊరికి కొత్త. ఏలూరు కాలవే. అటు గోదావరి నీళ్ళు, ఇటు బెజవాడ నుంచి కృష్ణ నీళ్ళు వచ్చి కలిసేది ఈ ఊళ్ళోనే. కాటన్ దొర నాటి కాలవలు పొలాలకే కాదు, పడవలకీ దారులు. మా అమ్మమ్మ కాపరానికొచ్చింది పడవలోనే, ఒళ్ళో ఇత్తడి బిందె పెట్టుకుని.

దాటు: ‘ముక్కు మూసుకుని’ అని అధ్యాహారం.

చింతచెట్టు కాడ: ఇక్కడే వ్యాఖ్యాత ఆటో దిగవలసి వచ్చింది. ఎందుకంటే చెట్టు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. ఆ చోట నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు, కింద మొబైల్ షాపు, షాపు ముందు గాలికి ఊగే రంగుల గొట్టం బొమ్మ. మరి లేని చెట్టును చెప్పడం కవి దోషం కాదా? కాదు. గడిచిపోయినదాన్ని కళ్ళముందున్నట్టు చెప్పడం భావికాలంకారం. ఆలంకారికులు ఒప్పుకున్నదే, ఆటోవాళ్ళు ఒప్పుకోవాలి.

మా ఆటో అబ్బాయి ఒప్పుకోలేదు. “ఏ ఊరయ్యా నీది?” అంటే, “ఆయ్, కైకలూరు అవతలండి” అన్నాడు. (ఒక చిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీల్చాక, కృష్ణా జిల్లా కైకలూరు ఏలూరు జిల్లాలోకొచ్చింది. ఏలూరే జిల్లా అనుకుంటూ పెరిగిన మా గూడెం భీమవరం కిందకి పోయింది. కాబట్టి ఊరు తెలిసిన నేను పరాయి జిల్లావాణ్ణి, తెలియని అతను సొంత జిల్లావాడు.) అతని పూర్వపక్షం ఇది: “మీకు పోయింది ఒక్క చెట్టేనండి. మా తాతకి కొల్లేరంటే నీళ్ళండి. నాకు ఊహ తెలిసేసరికి కొల్లేరంటే చేపల చెరువు గట్లండి.”

దీనికి సమాధానం చెప్పడం కష్టం. కొల్లేటిని ఐదో కాంటూరు దాకా అభయారణ్యం చేసింది 1999లో. యంత్రాలు దించి గట్లు తెగ్గొట్టింది 2006లో. ఐదో కాంటూరు అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత. నేల మీద వెతికితే కనబడదు. కానీ ఎవరి చెరువు ఉండాలో, ఎవరిది తెగాలో చెప్పింది ఆ గీతే. మా మావయ్య చింతచెట్టూ అలాంటిదే. కనబడదు, కానీ ఎడంపక్కకి తిరగాల్సింది దాని దగ్గరే.

పాఠాంతరం: “రెండు వందల మీటర్లలో ఎడమ వైపు తిరగండి” అని ఫోన్‌లోని అమ్మాయి పాఠం. అర్థభేదం లేదు, రుచిభేదం ఉంది. పైగా ఆవిడ అల్లుడూ అనలేదు.

ఎవర్నడిగినా: ‘ఎవరు’ ఒకప్పుడు నిజంగానే సర్వనామం. ఆ వీధిలో అందరికీ వర్తించేది. మొబైల్ షాపు కుర్రాణ్ణి అడిగితే తను చేరి నెలే అయిందన్నాడు. కర్రీ పాయింటు ఆవిడ ఫ్లాట్ నంబరడిగింది. వాచ్‌మన్ మటుకు తలగోక్కుని, “ముసలాయన... తలగుడ్డ... రోజూ పొద్దున్నే ఇక్కడికొచ్చి నిలబడతాడే, ఆయనా?” అన్నాడు.

తాత్పర్యం: ఓ అల్లుడా! బస్సు దిగి, కాలవ దాటి, చెట్టు నీడన ఎడమకు మళ్ళితే నా ఇల్లు వచ్చును. దారి తెలియకున్న నలుగురూ చెప్పుదురు.

ఇంతలో అపార్ట్‌మెంటు గేటు పక్కన, మిట్టమధ్యాహ్నం ఎండలో, తల మీద తడి తువ్వాలేసుకుని మావయ్యే కనబడ్డాడు.

“ఇంత ఎండలో ఏంటి మావయ్యా?” అన్నాను.

“ఎండేట్రా,” అన్నాడు, “చెట్టు కిందేగా నించున్నాను.”