జిరాక్సు సూత్రము: టీకాతాత్పర్య సహితము

మూలము: “ఒరిజినల్ చూపించి, రెండు జిరాక్సులు ఇవ్వండి.”

టీక: ఒరిజినల్ = అసలు పత్రమును; చూపించి = కౌంటరు అద్దమునకు ఇవతల పైకెత్తి పట్టి; రెండు = ఈ ఫైలునకొకటి, పై కార్యాలయమునకు పోవు ఫైలునకొకటి; జిరాక్సులు = నకళ్లను; ఇవ్వండి = సమర్పించవలెను. చివర ‘అండి’ యున్నది గదా యని దీనిని ప్రార్థనార్థకముగా గ్రహించినవారు మరునాడు మరల వరుసలో నిలువవలసి వచ్చును గనుక, ఇది విధ్యర్థకమే యని తెలియునది.

జిరాక్సు శబ్దమునకు మూలము ‘పొడి’ అను అర్థము గల గ్రీకు పదము; తడి సిరా లేక పొడితో నకలు తీయు పద్ధతికి ఆ పేరు ఏర్పడి, పిదప ఒక కంపెనీకి చెల్లి, తెలుగునాట ఏ కంపెనీ యంత్రము తీసిన కాగితమునకైనను రూఢమైనది. ఇందు చిక్కు లేదు. చిక్కంతయు ‘ఒరిజినల్’ శబ్దమున నున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో మొదలైన మీసేవ ద్వారా వచ్చు కుల ధ్రువపత్రమున తహసీల్దారు చేయునది డిజిటల్ సంతకము, అనగా కలముతో గాక రహస్య సంఖ్యల గణితముతో ఫైలునకు వేయు ముద్ర. కావున అసలు పత్రము సర్వరులోనే యుండి, చేతిలోని కాగితము దాని ప్రతిబింబము మాత్రమే యగును. జిరాక్సు ఆ ప్రతిబింబమునకు ప్రతిబింబము. బింబమేదో తేల్చుటకు వేదాంతులు పడిన శ్రమను గుమాస్తా ఒక్క మాటతో తీర్చెను: అద్దము వద్ద చూపినదే బింబము.

పత్రముపైనున్న దరఖాస్తు సంఖ్యను పోర్టలులో కొట్టిన నిజానిజములు తేలును గదా, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము ఎలక్ట్రానిక్ రికార్డునకు గుర్తింపు నిచ్చెను గదా, 2015లో వచ్చిన డిజీలాకరులో జారీయైన పత్రములు అసలు వానితో సమానములే గదా, ఇక జిరాక్సు లేల యని పూర్వపక్షము. దానికి సమాధానము: పత్రమిచ్చు చోటికి కంప్యూటరు వచ్చినది గాని, పుచ్చుకొను చోట దస్త్రము కదలలేదు. తెరపై చూచిన చూపు ఫైలులో మిగలదు. ఆడిట్ వచ్చిననాడు గుమాస్తాకు రక్ష ట్యాగుకు గుచ్చిన కాగితమే. ఇందు సోమరితనము కన్న భయము పాలు ఎక్కువ యని, సరిచూచినట్లు కంప్యూటరులో పడిన నమోదునే ఆడిట్ సాక్ష్యముగా ఒప్పుకొన్ననాడు ఈ భయము సగము తీరునని వ్యాఖ్యాత మతము.

తాత్పర్యము: ఒక యంత్రము ఇచ్చిన కాగితమును రెండవ యంత్రములో పెట్టి రెండుగా చేసి, అందలి వివరములను మూడవ యంత్రములో టైపు చేయువాని చేతికీయవలెనని భావము.

పాఠాంతరము: ‘మూడు జిరాక్సులు’ అనియు కొన్నిచోట్ల వినబడును, కార్యాలయమునకు ఎదురుగా జిరాక్సు కొట్టు లేనిచోట ఈ పాఠము మరింత ప్రచురము.