శుక్రుడు కనిపించాక

2012 వేసవిలో కోనసీమలో పిల్ల పెళ్ళి చెయ్యాలనుకున్నవాళ్ళ మీద గ్రహాలు పగబట్టాయి. ముందు గురు మూఢం. అది విడిచిందో లేదో శుక్ర మూఢం. ఆ వెనకాలే ఆషాఢం కాచుకుని ఉంది. శ్రావణంలో చూసుకుందామంటే అది దాటగానే అధిక భాద్రపదం. సన్నాయివాళ్ళూ వంటవాళ్ళూ పంచాంగాన్ని తిట్టుకుంటూ కూచున్నారు.

కొత్తపేట దగ్గర రైతు ఒకాయన, రాజోలు వైపు సంబంధానికి మాఘమాసంలోనే తాంబూలాలు పుచ్చుకున్నాడు. పెళ్ళికొడుకు దుబాయ్‌లో ఉద్యోగం. పసుపు కుంకుమల కింద ఎకరం కొబ్బరితోట పిల్ల పేర రాసిస్తానన్నాడు. కిందటేడు ఖరీఫ్‌కి కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని చేలు బీడు పెట్టారు కదా, ఈయనా పెట్టాడు. ఆ ఏడు తిండిగింజలకే కటకట. కుర్రాడు సెలవు మీద వచ్చాడు, జూన్ మూడోవారంలో తిరుగు విమానం.

"అన్నవరం కొండ మీద చేసేద్దామండి బావగారూ. స్వామి సన్నిధిలో మూఢాలేవిటి?" అన్నాడు కొత్తపేటాయన.

"అబ్బే! కళత్రకారకుడండీ శుక్రుడు. ఆయన లేకుండా పెళ్ళేవిటి? ఆయన కంటికి కనిపించనివ్వండి, అప్పుడు మాట్లాడుకుందాం, ఆయ్" అన్నాడు రాజోలాయన.

ఈ మాట ఊళ్ళో సైన్సు మాస్టారి చెవిన పడింది. "ఆరో తారీఖు పొద్దున్నే స్కూలు డాబా మీదికి తీసుకురావయ్యా, చూపిస్తాను" అన్నాడాయన.

మాస్టారు పరాచికానికి అనలేదు. మూఢమంటే గ్రహం సూర్యుడి దగ్గరికి చేరి ఆ వెలుగులో కంటికి ఆనకుండా పోవడమే. శుక్రుడు 584 రోజులకోసారి మనకీ సూర్యుడికీ నడుమకి వస్తాడు. కానీ ఆయన తిరిగే దారి మన దారికి 3.4 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకని దాదాపు ఎప్పుడూ బింబానికి పైనుంచో కిందనుంచో తప్పుకుపోతాడు. ఎప్పుడో గాని సరిగ్గా మొహం మీదుగా నడవడు. నడిచాడా, మూఢం నట్టనడుమ ఉన్నవాడు కాస్తా నల్లటి చుక్కై దొరికిపోతాడు. 2012 జూన్ 6న జరిగింది అదే. మన దేశంలో పొద్దు పొడిచేటప్పటికే శుక్రుడు బింబం మీద ఉన్నాడు, పది దాటాక గాని దిగలేదు.

బైనాక్యులర్స్ పెళ్ళికొడుకువే, దుబాయ్ నుంచి తెచ్చినవి. వాటిని స్టూలుకి బిగించి, ఒక కంటికి మూత పెట్టి, రెండో దాంట్లోంచి వచ్చే వెలుగు తెల్లటి అట్ట మీద పడేలా సర్దింది పెళ్ళికూతురు. బి.ఎస్సీ. చదివిన పిల్ల, మాస్టారి శిష్యురాలు. "అందులోంచి నేరుగా చూశారో, కళ్ళు పోతాయి" అని పిల్లల్ని దూరంగా తోలుతోంది. కింద వీధిలో కొందరు ఇది గ్రహణమే అనుకుని కొత్తావకాయ జాడీల మీద దర్భలు కూడా వేశారు. పట్టు లేదు, విడుపు లేదు, స్నానాలు అక్కర్లేదని సిద్ధాంతిగారు డాబా మీంచే కేకేసి చెప్పాల్సొచ్చింది.

అన్నీ అమిరాయి, సూర్యుడే రాలేదు. కోనసీమలో సూర్యోదయం పంచాంగంలో ఒక వేళకీ, కొబ్బరాకుల మీదికి ఇంకో వేళకీ అవుతుంది. ఈలోగా మాస్టారు కబుర్లు మొదలెట్టారు. 1874 డిసెంబరు 9న మన అంకితం వెంకట నరసింగరావుగారు విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని సొంత అబ్జర్వేటరీ నుంచి ఈ శుక్రుణ్ణే పట్టి చూశారన్నారు. తరవాత లె జాంతీ సంగతి ఎత్తారు.

"గౌతమి అవతల యానాం ఏలారు చూడండి, ఆ ఫ్రెంచివాళ్ళ మనిషి. దీన్ని చూడ్డానికే ఓడెక్కి పుదుచ్చేరి బయల్దేరాడు. తీరా చూస్తే ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడింది. 1761లో, ఇదే జూన్ 6న, ఊగే ఓడ మీంచి చూశాడు, లెక్కకి పనికిరాలేదు. మళ్ళీ ఎనిమిదేళ్ళకి వస్తాడు కదా అని ఈ వైపే ఉండిపోయాడు. 1769లో పుదుచ్చేరిలో అంతా సిద్ధం చేసుకుంటే సరిగ్గా ఆ పూట మబ్బు. పదకొండేళ్ళకి ఇంటికి పోతే, చచ్చిపోయాడనుకుని చుట్టాలు ఆస్తి పంచుకుంటున్నారు!"

అందరూ అయ్యో అన్నారు.

"ఆస్తి ఏపాటుంటుందంటారు?" అని అడిగాడు రాజోలాయన.

సూర్యుడు కొబ్బరితలలు దాటాడు. అట్ట మీద తెల్లటి బింబం, దాని మీద నువ్వుగింజంత నల్లచుక్క. అంచులు గీసినట్టున్నాయి. పిల్లలు ఈలలు వేశారు. సిద్ధాంతిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చాలాసేపు వంగి చూశారు. "ఈ చుక్క దాదాపు మన భూమంత" అని మాస్టారు చెప్తే నమ్మినవాళ్ళు తక్కువ.

"బాగా చూసుకోండి. 2004లో వచ్చాడు, ఇవాళ వచ్చాడు. మళ్ళీ 2117 డిసెంబరులోనే" అన్నారాయన.

రాజోలాయన కూడా వంగి చూశాడు. అట్ట కదిపి చూశాడు, చుక్క అట్టది కాదని తేలింది. కొత్తపేటాయన అదే అదనని ముందుకొచ్చాడు.

"కంటికి కనిపించాడు కదండి బావగారూ. ఏవండీ సిద్ధాంతిగారూ, ఈయన శుక్రుడే కదా?"

"సందేహం లేదు" అన్నారు సిద్ధాంతిగారు. మూఢం సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు, తెలివైన మనిషి.

"మరింక మాట్లాడుకుందామా?"

రాజోలాయన పైపంచెతో మెడ తుడుచుకున్నాడు.

"కనిపించాడండి, కాదన్నానా! మీ కొబ్బరితోట దస్తావేజే మాఘమాసం నుంచీ కంటికి కనిపించడం లేదు."

కొత్తపేటాయన మొహం పాలిపోయింది. తాకట్టు విడిపించడానికి కాస్త వ్యవధి కావాలని ఏదో నసిగాడు. పెళ్ళికొడుకు మాత్రం సెల్‌ఫోన్‌లోంచి తలెత్తలేదు.

పెళ్ళికూతురు స్టూలుకి కట్టిన తాడు విప్పింది. బైనాక్యులర్స్ డబ్బాలో పెట్టి, తీసుకెళ్ళి అతని చేతికిచ్చింది. తరవాత అతని తండ్రి వైపు తిరిగింది.

"శుక్రుడు మళ్ళీ కనిపించాక మాట్లాడుకుందామండి, మావయ్యగారూ."