స్విచ్చుల బాబాయి

ప్రతి కాలనీలోనూ ఒకాయన ఉంటాడు. ఆయనకో పాత కారుంటుంది. అది బాగానే నడుస్తుంటుంది, అయినా దానికింకా ఏదో తక్కువైందని ఆయనకి అనిపిస్తూనే ఉంటుంది. తక్కువయ్యేది ఎప్పుడూ ఒక వైరే. మా కాలనీలో ఆయన్ని పిల్లలు స్విచ్చుల బాబాయి అంటారు. వాళ్లని చూసి పెద్దవాళ్లకీ అదే అలవాటైంది. కాపురం బెజవాడలో, అదీ ఆటోనగర్‌కి కూతవేటు దూరంలో. అది ఆయన పూర్వజన్మ సుకృతం, పిన్ని ప్రారబ్ధం.

కారు మారుతి 800. 1983 డిసెంబరులో మొదటి బండి రోడ్డెక్కింది మొదలు 2014 జనవరిలో తయారీ ఆపేసేదాకా ఆ కారు మీద జనానికున్న నమ్మకం ఒకటే: అందులో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, 12 వోల్టుల బ్యాటరీ, లైట్లు, వైపర్లు, హారను. అదీ సంసారం. బాబాయికి అది లోటుగా తోచింది. చెడిపోవడానికి కావలసినవన్నీ ఒక్కొక్కటిగా ఆయనే సమకూర్చాడు.

ముందు ఫాగ్ ల్యాంపులు వచ్చాయి. బెజవాడలో మంచు పడేది సంక్రాంతి ముందు నాలుగు తెల్లవారుజాములు, ఆ వేళకి బాబాయి లేవడు. తర్వాత రివర్సు గేరు వేస్తే పాట అందుకునే డబ్బా వచ్చింది. ఆయన కారు బయటికి తీస్తున్నాడంటే వీధిలో పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు ముందే తలుపులు వేసుకునేవారు. ఆ పైన మూడు గొంతుల హారను. రకరకాల స్వరాలు పలికే హారను పెట్టకూడదని మోటారు వాహనాల నిబంధనల్లో 119వది చెబుతోంది. "స్వరం ఒకటేనండీ, కాస్త సాగుతుందంతే" అని బాబాయి వాదన.

ఆయనకి కరెంటు లెక్క రాదనుకునేరు. నిద్రలేపి అడిగినా వాట్లని వోల్టులతో భాగించి ఆంపియర్లు చెప్పేస్తాడు. "ఈ ఫ్యానెంతండీ, ఒక్క ఆంపియరు! ఈ చార్జరు అందులో సగం లేదు!" భాగహారంలో ఆయన్ని కొట్టేవాడు లేడు. ఎటొచ్చీ కూడిక చెయ్యడు. విడివిడిగా చూస్తే కారులో ఏదీ ఎక్కువ కరెంటు తినదు, అన్నీ కలిసి మాత్రం రోజూ భోంచేస్తాయి.

హెడ్‌లైట్ల కథే చూడండి. కంపెనీవి 60/55 వాట్ల బల్బులు. హైబీములో రెండూ కలిపి 120 వాట్లు, అంటే 10 ఆంపియర్లు. బాబాయి 100/90 వేయించాడు. ఇప్పుడు దాదాపు 17. ఆ పదిహేడూ వెళ్లవలసింది స్టీరింగు పక్కనున్న చిన్న స్విచ్చి లోంచి, అది పదికి పుట్టింది. ఓ రాత్రి ఏలూరు దారిలో కాలిన వాసన వచ్చింది. "ముందు పోయే లారీది" అన్నాడు బాబాయి. ముందు లారీ లేదని పిన్ని అంది. ఆ మాట పూర్తయ్యేలోగా లైట్లు కూడా లేకుండా పోయాయి.

ఆ దెబ్బతో ఆయన రిలే మతం పుచ్చుకున్నాడు. స్విచ్చిలోంచి నూలుపోగంత కరెంటు వెళ్లి రిలేని లేపుతుంది, అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి వైరులో బల్బుకి పోతుంది. మంచి ఏర్పాటే, పదేళ్ల ముందే చేయాల్సింది. కానీ కొత్తగా మతం పుచ్చుకున్నవాడు ఊరుకుంటాడా? మొన్న ఓ పెళ్లి పంక్తిలో నా పక్కన కూర్చుని నా విస్తట్లోనే బోధ మొదలెట్టాడు. "ఇదిగో ఈ ముద్దపప్పు బ్యాటరీ అనుకో. ఈ గారె నీ ఫాగ్ ల్యాంపు. మధ్యలో ఈ అప్పడం రిలే. పప్పు నుంచి వచ్చేది 30 నంబరు కాలు, గారెకి పోయేది 87. ఆవకాయ ముక్క స్విచ్చి, అది 86. 85 ఎర్తు, అంటే విస్తరి." అని పప్పులోంచి గారె దాకా వేలితో నెయ్యి గీత గీశాడు. అంతలో వడ్డించేవాడొచ్చి అన్నిటి మీదా సాంబారు పోసేశాడు. "షార్టు!" అని అరిచాడు బాబాయి. పంక్తంతా తినడం ఆపి ఇటు చూసింది.

ఇంత తెలిసినాయనకి ఫ్యూజుతోనే పడదు. పది ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు పోతే పదిహేను నీలం వేస్తాడు, అదీ పోతే ఇరవై పసుపు. ఆటోనగర్‌లో ఆయన వైర్లు చూసే భాయ్ నెత్తి కొట్టుకున్నాడు.

"సార్, ఫ్యూజు పోతందంటే పోనీండి, దాని పనే పోవడం. అది పోకపోతే వైరు పోద్ది."

"ఊరికే పోతోంది భాయ్!"

"మరి దాన్ని తెచ్చి డాష్‌బోర్డు కింద పెట్టారేంటి?"

"చేతికందాలని."

"బ్యాటరీ నుంచి ఇందాకా వచ్చిన వైరుకి కాపలా ఎవరు సార్? ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి. అది లైటుని కాపాడ్డానికి కాదు, వైరుని కాపాడ్డానికి."

బాబాయి ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఇంకో ఫ్యూజు బాక్సు పెట్టించాడు, పాతది అలాగే ఉంచి.

అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఆ మధ్య వెళ్లి మూడు నెలలుండి వచ్చారు. అందరూ బాదం పప్పు, చాక్లెట్లు తెస్తే ఈయన ట్రెయిలర్ ప్లగ్గు తెచ్చాడు, నాలుగు పిన్నుల చదునైనది. అక్కడ ఎవడి బండి చూసినా వెనక పడవో, గడ్డి కోసే మిషనో తగిలించుకుని పోతోందట, దాని లైట్లన్నీ ఆ నాలుగు తీగల మీదే వెలుగుతాయట. తెలుపు ఎర్తు, గోధుమరంగు టెయిల్ లైటు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. "మన దగ్గరెందుకుండకూడదు?" అన్నాడు. 37 గుర్రాల బలమున్న కారు దేన్ని లాగుతుందని పిన్ని అడిగింది. "ముందు వైరింగు సిద్ధంగా ఉండాలి కదా" అన్నాడు.

భాయ్ తీగలు లెక్కపెట్టి, "బ్రేకు వైరేది సార్?" అన్నాడు. అక్కడి ట్రెయిలర్లలో బ్రేకుకీ మలుపుకీ ఒకటే ఎర్ర బల్బు. మన కారులో ఇండికేటరు వేరు, బ్రేకు లైటు వేరు. ఈ రెంటినీ కలిపే కన్వర్టరొకటి మధ్యలో ఉండాలి. డల్లాస్‌కి ఫోను వెళ్లింది, ఇక్కడికి పార్సిలొచ్చింది. అంతా బిగించాక పరీక్షకి ట్రెయిలరు లేదు. బాబాయి ఓ చెక్కకి రెండు బల్బులు బిగించి, ఆ చెక్కని ప్లాస్టిక్ కుర్చీకి కట్టి, కుర్చీని కారు వెనక నిలబెట్టాడు. ఇండికేటరు వేశాడు. అది పాతకాలం ఫ్లాషరు, లోపల రేకు వేడెక్కి వంగితేనే లైటు ఆరి వెలుగుతుంది. బల్బు పెరిగేసరికి కరెంటు పెరిగింది, రేకు తొందరపడింది. కారూ కుర్చీ కలిసి వినాయక చవితి పందిరిలా టకటకా కొట్టుకున్నాయి. వీధి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే బాబాయికి ఖర్చుకు గిట్టుబాటు.

వాటి మోజు తీరకముందే బ్యాటరీ రెండ్రోజులకోసారి పడుకోవడం మొదలెట్టింది. నెట్టడానికి కాలనీ కుర్రాళ్లు వంతులు వేసుకున్నారు. భాయ్ ఇంటికే వచ్చాడు. నెగటివ్ టెర్మినల్ ఊడదీసి మధ్యలో టెస్ట్ ల్యాంపు పెట్టాడు. కారులో అన్నీ ఆపేసి ఉన్నాయి, ల్యాంపు వెలుగుతోంది. అంటే ఎవరో లోపల కూర్చుని తింటున్నారు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. వెలుగుతూనే ఉంది. రెండో బాక్సువీ పీకాడు. వెలుగుతూనే ఉంది. "ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి ఏమన్నా ఇచ్చారా సార్?" బాబాయి ఆకాశంలోకి చూశాడు. రాత్రిపూట కారాగిపోతే వైరింగు చూసుకోవడానికి వీలుగా బానెట్ కింద 10 వాట్ల బల్బొకటి తనే పెట్టుకున్నాడు. బానెట్ ఎత్తితే వెలగాలి, మూస్తే ఆరాలి. ఎత్తి చూసినప్పుడల్లా వెలుగుతోంది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించలేదు. భాయ్ దాని బుడిపె స్విచ్చిని వేలితో లోపలికి నొక్కి పట్టుకున్నాడు. బల్బు ఆరలేదు. తుప్పుపట్టి లోపల అంటుకుపోయింది. బానెట్ మూసినా అది వెలుగుతూనే ఉంది, 0.8 ఆంపియర్లు, రోజుకి 20 ఆంపియర్ అవర్లు, ఉన్నదేమో 35 బ్యాటరీ.

"రిపేరు చూడ్డానికి పెట్టిన లైటే రిపేరు తెచ్చింది సార్" అన్నాడు భాయ్.

"చూశావా, పనికొచ్చింది" అన్నాడు బాబాయి.

పోయిన నెల కారు చూడ్డానికి గుడివాడ నుంచి ఓ కుర్రాడొచ్చాడు. కొడుకు పోరు పడలేక బాబాయే అమ్ముతానన్నాడు. స్విచ్చులన్నీ గంటసేపు వేసి చూపించాడు, కుర్చీ కూడా తెచ్చి నిలబెట్టాడు. కుర్రాడు ఓపిగ్గా చూసి, రేటు చెప్పాడు. బాబాయి మొహం వాడింది.

"పోనీ బాబాయ్ గారూ, ఇవన్నీ పీకించేసి కంపెనీ నుంచి వచ్చినట్టు ఇస్తే ఇంకో పదివేలు వేసుకుంటాను."

కుర్రాడికి పిన్ని కాఫీ ఇచ్చేలోపే బేరం చెడిపోయింది. బాబాయి ఇప్పుడు వెనక కెమెరా పెట్టించే ఆలోచనలో ఉన్నాడు. ఎంతండీ, పావు ఆంపియరు!