పట్టపగలే చుక్కలు

ఢిల్లీలోని సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ 2020లో 21 రాష్ట్రాల్లో దాదాపు 15 వేల ఇళ్ల తలుపు తట్టింది. ఫ్రిజ్‌ల మీద, ఏసీల మీద అంటించే చుక్కల స్టిక్కర్ సంగతి తెలిసిన ఇళ్లు నాలుగింట ఒకటేనని తేల్చింది. 2006లో పుట్టిన స్టిక్కర్ అది. 2010 నుంచి కొన్ని వస్తువులకు తప్పనిసరి కూడా అయింది. అయినా జనానికి ఎక్కలేదంటే లోపం జనం బుర్రలోనే ఉందని పెద్దల బెంగ.

ఆ బెంగ ఉన్నవాళ్లు పెళ్లిళ్ల సీజన్‌లో ఓసారి కామారెడ్డికి రావాలి. సిరిసిల్ల రోడ్డులో ఏదో ఒక షాపు గడప దగ్గర నిలబడితే చాలు. పెండ్లి సామాను లిస్టు పట్టుకొని పిల్ల తండ్రి, మేనమామ, చిన్నమ్మ, వాళ్ల వెనక బయట ఓ ట్రాలీ ఆటో. షాపులో పిలగాడు పాపం చెప్పాల్సింది చెప్తూనే ఉంటాడు.

"ఇది త్రీ స్టార్ పటేలా, అది ఫైవ్ స్టార్. పైసలు జర ఎక్కువైతయి గని కరెంటు తక్కువ తింటది."

"ఆ కరెంటు బిల్లు మేం కడ్తమా? పిలగానోళ్లు కడ్తరు. డోర్ మీద పువ్వులున్నది చూపియ్‌రాదు!"

ఇందులో అజ్ఞానం ఎక్కడుందో నాకైతే కనబడలేదు. లెక్క పక్కాగా ఉంది. కొనేవాడే బిల్లు కడతాడన్న నమ్మకం మీద స్టిక్కర్ నిలబడింది. మా దగ్గర కొనేది మామ, వాడేది బిడ్డ, కట్టేది వియ్యంకుడు. అల్లుడు దుబాయిలో ఉంటే వీడియో కాల్‌లో రంగు మాత్రం ఆయన ఓకే చేస్తాడు.

సరే, బుద్ధిమంతుడొకడు స్టిక్కర్ చదవడానికే వంగాడనుకుందాం. అందులో తెలుగక్షరం వెతికినా దొరకదు. ఇంగ్లిష్ వచ్చినవాడికైనా ఏసీ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని కనబడుతుంది. ఏడాదికి 1600 గంటలు నడిపితే అని దాని అర్థం. మే నెలలో కామారెడ్డి డాబా ఇంట్లో పడుకున్నవాడికి ఆ గంటలు ఏ పాటి? పైగా చుక్కలు ఇచ్చేది మొత్తం ఎంత కరెంటు కాల్చిందని కాదు, కాల్చిన కరెంటుకు ఎంత చల్లదనం ఇచ్చిందని. ఒకటిన్నర టన్నుల ఫైవ్ స్టార్ కన్నా ఒక టన్ను త్రీ స్టార్ ఏడాదికి తక్కువ యూనిట్లు కాల్చే మోడళ్లు బోలెడు. పెద్దది కొని ఐదు చుక్కలు చూసుకొని మురిసినవాడు పొదుపు చేసినట్టా, ఖర్చు పెట్టినట్టా? 2022 జులైలో ఏసీల కొలమానం బిగించినప్పుడు నిన్నటి ఐదు చుక్కలు తెల్లారేసరికి నాలుగయ్యాయి. మిషన్‌లో ఒక్క స్క్రూ కూడా కదల్లేదు. స్టిక్కర్ మీద దాని గడువు తేదీ కూడా ఉంటుంది. మందుల షాపులో తేదీ చూసే అలవాటే ఇంకా సరిగా రాలేదు మనకు.

అంతమాత్రాన ఇక్కడివాళ్లకు యూనిట్లు తెలియవని అనుకుంటే పొరపాటు. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి పథకం వచ్చింది. తెల్లకార్డు ఉండి, నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. 201 అయిందా, మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఇక చూడండి, ఏ సర్వేకీ అందని పాండిత్యం! బిల్లు కొట్టేటాయన రావడానికి ఐదు రోజుల ముందు నుంచే ఇల్లాలు స్టూలెక్కి మీటరు చూస్తుంది. 188 ఉంటే కూలర్ బంద్. 194 ఉంటే ఇస్త్రీ బంద్. 197 దాటితే ఫ్రిజ్‌లోని పెరుగు పక్కింటికి వలస పోతుంది. ఈమెను కూర్చోబెట్టి స్టార్ లేబుల్ గురించి ఏం తెలుసని అడిగితే తెల్వదంటుంది. నిజమే చెప్తుంది. ఆమెకు కావాల్సింది ఈ ఫ్రిజ్ నెలకు తన 200లో ఎన్ని మింగుతుందన్న ముక్క. స్టిక్కర్ ఏడాది లెక్క చెప్పి, 12తో భాగించే పని ఆమెకే వదిలేసింది.

ఎల్లారెడ్డి వైపు పోతే కథ మరీ రంజుగా ఉంటుంది. పంపుసెట్లకూ చుక్కలున్నాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు. బిల్లే లేనివాడికి బిల్లు తగ్గించే మోటరు అమ్మడమంటే గుండు చేయించుకున్నవాడికి దువ్వెన అమ్మినట్టే. రైతు అడిగేవి వేరే. ఎన్ని ఇంచుల నీళ్లు పోస్తది? లో వోల్టేజీకి ఆగుతదా? కాలితే వైండింగ్‌కు ఎంతైతది, ఎన్ని రోజులైతది? నాటు వేసిన మడి ఎండుతుంటే రిపేరు షాపు ముందు మోటరు దించి కూర్చున్నవాడికి ఈ మూడు ప్రశ్నలే ప్రాణం. మూడింటికీ చుక్కల్లో జవాబు లేదు.

ఎల్‌ఈడీ బల్బు ఏ స్టిక్కరూ చదవకుండానే ఊరూరా వెలిగింది. 2015లో ఉజాలా పథకంతో ధర దిగొచ్చింది, అంతే. అదే ఫ్యాన్ సంగతి చూడండి. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది, కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు. 2023 నుంచి ఫ్యాన్లకూ చుక్కలు తప్పనిసరి చేశారు. కానీ ధర మాత్రం పాతదాని కన్నా బాగా పైన. 200 గీత మీద నడిచే ఇల్లాలికి నిజంగా పనికొచ్చే వస్తువు అదొక్కటే. ఆమెకు అందనిదీ అదే.

అయినా సర్వేవాళ్లు రాక మానరు. ట్యాబ్ పట్టుకొని అడుగుతారు:

"బాబాయ్, ఫైవ్ స్టార్ ఫ్రిజ్ కొనకపోవడానికి కారణమేంటి?"

"మా బిడ్డకు పెట్టినం సార్. మాకెందుకు?"

"మరి మీ ఇంట్లో ఉన్నదాని మీద ఎన్ని స్టార్లు?"

"మనమడు బొమ్మల స్టిక్కర్లు అంటించిండు. దాని కింద ఉన్నయేమో, గీకి చూడమంటవా?"

సర్వే పిలగాడు కాసేపు ఆలోచించి 'అవగాహన లేదు' అన్న గడి నొక్కి, పక్కింటికి పోతాడు.