లీటరుకు ఇరవై రెండు!

మా సంజామలలో కారు కొన్నవాణ్ని "ఎంతకు కొన్నావు?" అని ఒకసారి అడిగి వదిలేస్తారు. "ఎంతిస్తాది?" అని మాత్రం ఆ బండి అమ్మేదాకా అడుగుతూనే ఉంటారు. టీ బంకు దగ్గర ఈ ప్రశ్నకు నిజం చెప్పిన మగాణ్ని నేనింతవరకూ చూడలేదు. ఒకాయన ఇరవై అంటాడు, పక్కాయన ఇరవై ఒకటి అంటాడు. నేను ఇరవై రెండు అంటాను. మీరూ అంతేలెండి, నాకు తెలుసు.

ఇరవై రెండు నా సొంత కవిత్వం కాదు, కంపెనీ కాగితంలో ఉన్నదే. మైలేజీ తేల్చేది పుణెలోని ఆరాయ్ సంస్థ, 1966లో పెట్టింది, ఆషామాషీ కాదు అని ఇంట్లో ఒకరోజు ఉపన్యాసం ఇచ్చాను. అక్కడ బండి చక్రాలు రోలర్ల మీద తిరుగుతాయనీ, ఏసీ కట్టేసి ఇన్ని సెకన్లు ఇంత వేగం అని పద్ధతిగా నడిపి కొలుస్తారనీ వివరించాను. మా ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ అంతా వింది.

"అంటే బండి యాడికీ పోకుండానే ఇరవై రెండు ఇచ్చిందన్నమాట."

అంతే. మళ్లీ రాళ్లు ఏరుకోవడంలో పడిపోయింది.

ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. పుణె రోలర్లకు మన నల్లరేగడి ఎట్లా తెలుస్తుంది? వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని, వేసిన తారురోడ్డును అలలు అలలుగా చేసి పెడుతుంది. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరుతుంటాయి. మిగిలిన సగంలో గొర్రెల మంద. ఊరికొక స్పీడు బ్రేకరు, కొన్ని ఊళ్లకు ఇంటికొకటి. బ్రేకు తొక్కినప్పుడల్లా అంతవరకూ పెట్రోలు పోసి తెచ్చుకున్న వేగం వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. మళ్లీ మొదటి గేరు, మళ్లీ పెట్రోలు.

ధరల సంగతిలోనూ నేను మహా జాగ్రత్తపరుణ్ని. వెనకటికి ఒకటో తేదీనా పదహారో తేదీనా రేటు మారేది. ముందురోజు రాత్రి స్కూటరేసుకుని పెట్రోలు బంకు దగ్గర వరసలో నిలబడటం నాకొక పండగ. 2017 జూన్ 16 నుంచి దేశమంతా రోజూ పొద్దున ఆరింటికి మార్చడం మొదలుపెట్టి నా పండగ తీసేశారు. కొన్నాళ్లు ఐదున్నరకే లేచి పోయి పోయించుకొచ్చాను. "లీటరుకు పావలా మిగిలిందా? పోయి రావడానికి ఎంత కాలిందో?" అని మా ఆవిడ కాఫీ గ్లాసుతో పాటు చేతికిచ్చింది. మర్నాటి నుంచి ఏడింటికే లేస్తున్నాను.

ఇక నంద్యాల లెక్క. కోవెలకుంట్ల మీదుగా పోనూ అరవై, రానూ అరవై వేసుకుంటాను, బజారులో తిరుగుడు కలిపి. లీటరు నూట పది అనుకోండి, పైసలు వదిలేయండి. ఇరవై రెండు చొప్పున సరిగ్గా ఆరు వందలు. నోటు పుస్తకంలో రాసి, కింద గీత కొట్టి, సంతకం ఒక్కటే తక్కువగా చూపించాను.

తీరా నంద్యాల పోయిన రోజు, చల్లటి పొద్దున అద్దాలెత్తుకుని పోయేటప్పుడు డాష్‌బోర్డు ఇరవై చూపింది. మధ్యాహ్నం ఏసీతో, డిక్కీ నిండా సామానుతో వచ్చేటప్పుడు పదిహేను. సగటు పదిహేడున్నర అని ప్రకటించాను.

"కాదు నాయనా," అంది పదో తరగతి చదివే మా అమ్మాయి, తల ఎత్తకుండానే. "పోయేటప్పుడు మూడు లీటర్లు, వచ్చేటప్పుడు నాలుగు. ఏడు లీటర్లకు నూటిరవై కిలోమీటర్లు. పదిహేడు పాయింటు ఒకటి నాలుగు. ఏడు వందల డెబ్బై రూపాయలు."

రెండు మైలేజీలు కలిపి సగం చేస్తే రాదట. తక్కువ మైలేజీ వచ్చిన దోవలోనే ఎక్కువ పెట్రోలు తాగింది గనుక దాని తూకమే ఎక్కువట. ఈ మాట టీ బంకు దగ్గర ఎవరూ చెప్పరేం?

2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. మా ఆవిడ ఆధార్ కార్డు చేతబట్టుకుని నంద్యాల పోయి, సాయంత్రం కొత్త చీరతో దిగింది. చెయ్యి చాపింది.

"ఏందది?"

"ఏడు వందల డెబ్బై. కారులో పోయింటే అయ్యేది గదా? మిగిల్చినా గదా? ఇయ్యి. నీ లెక్కే."

నా పుస్తకం, నా గీత, మా అమ్మాయి దిద్దిన అంకె. ఇచ్చాను. చీరకు ఎంతయిందో అడిగే ధైర్యం మీకుంటే మీరు అడగండి.

తర్వాత నేనూ ఆలోచించాను. ఖర్చు తగ్గించి చెబితే నా జేబుకు పడే చిల్లు తగ్గుతుంది గదా! పోయిన నెల ఆమె మళ్లీ సంచీ సర్దుతుంటే పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అన్నాను: "సర్వీసింగు తర్వాత బండి భలే ఇస్తాంది. ఇరవై రెండుకు తక్కువ లేదు. నంద్యాలకు ఆరు వందలు కూడా కాదు."

ఆమె సంచీ కింద పెట్టింది.

"అట్లనా? మరి బస్సులో నిలబడి పోవాల్సిన ఖర్మ నాకేంది? మా అమ్మను, చెల్లెల్ని ఎక్కించుకోని కారులోనే పోదాం పా. ఏసీ పోయేటప్పుడు గూడా వేసుకుందాం."

లోపలి గదిలోంచి పుస్తకం తెరిచిన చప్పుడు. "నాయనా, ఐదుగురి బరువుకు ఎంత తగ్గించుకోవాల?"